రేపల్లె సభలో మైకు పాడవలేదు

1992 వానాకాలం నాటి సంగతి ఇది. అప్పటికి తెనాలిలో నేను మైకు సెట్ల కొట్టు పెట్టి పన్నెండేళ్ళయింది. రెండు యాంప్లిఫయర్లు, ఆరు హారన్లు, నాలుగు మైకులు, రెండు బ్యాటరీలు, మోపెడు వైర్లు. శ్రీరామనవమి పందిరికి నా మైకే, గుడ్‌ఫ్రైడే ఆరాధనకు నా మైకే, మా పండగ నమాజుకూ నా మైకే. ఏ రంగు జెండా సభైనా నాకు ఒకటే. ఒకే హారన్‌తో పొద్దున ఒక పార్టీవాళ్ళనూ, సాయంత్రం వాళ్ళ ఎదుటి పార్టీవాళ్ళనూ తిట్టించిన రోజులున్నాయి. హారన్‌కు సిగ్గుండదు. దాని యజమానికీ లేదని ఇది చదివాక మీరంటే నేను కాదనను.

మైకువాడి పనంటే మీట నొక్కి కూర్చోవడమే అనుకుంటారు చాలామంది. అంత తేలికైతే ఊరికొక్కడు కాదు, వీధికొక్కడు ఉండేవాడు. మైకులో పడిన చిన్న గొంతును పెద్దది చేసి హారన్లకు పంపే పెట్టె యాంప్లిఫయర్. దాని మీద మూడు మరలుంటాయి. వాల్యూం గొంతు పెంచుతుంది, తగ్గిస్తుంది. బేస్ గొంతును లావు చేస్తుంది, ట్రెబుల్ పదును చేస్తుంది. హారన్‌లోంచి వచ్చిన శబ్దం తిరిగి మైకులో దూరితే కీచుమని చెవులు చిల్లులు పడే మోత వస్తుంది. దాన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు, మా వాళ్ళు మైకు కూసింది అంటారు. ఒక్కసారి కూసిందంటే సభలో ఉన్న తలకాయలన్నీ నా వైపు తిరుగుతాయి. సభ బ్రహ్మాండంగా జరిగితే మాత్రం ఒక్క తలకాయా తిరగదు.

ఈ పనిలో బయటివాళ్ళకు తెలియని విద్య ఇంకొకటి ఉంది. దాన్ని మేం గొంతు దించడం అనేవాళ్ళం. నాకు ఈ పని నేర్పిన మా మేనమామే అదీ నేర్పాడు. సన్మాన సభల్లో కొందరుంటారు, మైకు దొరికితే వదలరు. పెళ్ళికొడుకు తాతగారు ఆశీర్వచనం మొదలుపెట్టి తన ఉద్యోగ చరిత్రలోకి దిగిపోతాడు. ఆయన్ని కూర్చోమనే ధైర్యం ఎవరికీ ఉండదు. అప్పుడు సభ జరిపించే పెద్దమనిషి తన కండువాను ఎడమ భుజం మీదనుంచి కుడి భుజం మీదికి మార్చుకుంటాడు. అది మైకువాడికి సైగ. వెంటనే కట్టేస్తే అందరికీ తెలిసిపోతుంది. కాబట్టి వాల్యూం కొంచెం కొంచెంగా దించుతూ, ట్రెబుల్ పూర్తిగా తీసేసి బేస్ పెంచాలి. గొంతు కుండలోంచి మాట్లాడినట్టు తయారవుతుంది. జనం ఆవులిస్తారు, మాట్లాడేవాడు తనకే ఓపిక తగ్గిందనుకుని ముగించేస్తాడు. ఎవరికీ కోపం రాదు. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో సభలు జరిపించే ప్రతి పెద్దమనిషికీ ఈ కండువా సంగతి తెలుసు. "మైకువాడికి చెవులుండాలి, అభిప్రాయాలుండకూడదురా మస్తాను" అనేవాడు మా మామ. ఆ మాట నాకు చాలా గొప్పగా వినిపించేది.

ఆ ఏడాది ఎక్కడ చూసినా సారా గొడవే. నెల్లూరు వైపు ఆడవాళ్ళు సారాకొట్లు మూయిస్తున్నారని పేపర్లలో వస్తోంది. కాఫీ హోటళ్ళలో, మంగలి షాపుల్లో, రైలు పెట్టెల్లో ఇదే వాదన. సారా తీసేస్తే సర్కారు ఏం తిని బతుకుతుందని ఒకడు, తాగేవాడు ఏం చేసినా తాగుతాడని ఇంకొకడు. ఈ ఊపులో మూడు ఊళ్ళ పెద్దలు కొందరు కలిసి చర్చా వేదిక అని ఒకటి పెట్టారు. తెనాలిలో ఒకటి, రేపల్లెలో ఒకటి, బాపట్లలో ఒకటి, వరసగా మూడు బహిరంగ చర్చలు. సారాకొట్లు ఉండాలా, పోవాలా అన్నది విషయం. 'ఎవరైనా రావచ్చు, ఏదైనా మాట్లాడవచ్చు' అని కరపత్రాల్లో అచ్చువేశారు. మూడింటికీ మైకు నాదే.

వేదిక అధ్యక్షులవారి పేరు ఇక్కడ రాయను. ఆయనకు భయపడి కాదు, ఆయన మనవలు మంచివాళ్ళు, వాళ్ళ మొహం చూసి. తెల్లటి పంచె, ఇస్త్రీ నలగని లాల్చీ, జరీ అంచు కండువా. ఏడాదిలో నాకు వచ్చే సభల్లో సగం ఆయన ఇప్పించినవే.

తెనాలి చర్చ చక్కగా జరిగింది. అంటే ఎవరికీ నొప్పి తగలకుండా జరిగింది. ఒక ప్లీడరుగారు సారా ఆదాయం గురించి గంట మాట్లాడారు. ఒక లెక్చరరుగారు పేదవాడు అజ్ఞానం వల్ల తాగుతున్నాడని కనిపెట్టారు. ఇంకో పెద్దాయన సారా మంచిదీ కాదు, చెడ్డదీ కాదు, మితమే ముఖ్యమన్నాడు. తాగినవాడి చేత తన్నులు తిన్న ఆడది ఒక్కతె కూడా ఆ వేదిక ఎక్కలేదు. ఎవరూ పిలవనూ లేదు. అందరూ ఒకరినొకరు మెచ్చుకుని టీ తాగి ఇళ్ళకు వెళ్ళిపోయారు.

రేపల్లె సభకు మాత్రం కొంచెం వేడి ఉంది. కొత్త ఏడాదికి సారాకొట్ల వేలం పాటలు దగ్గరపడుతున్నాయి. ఆ కొట్ల వ్యవహారం చూసే ఎక్సైజు ఆఫీసరు స్వయంగా వేదిక మీద కూర్చుంటారనీ, ఏ కొట్టు మీద ఫిర్యాదున్నా సభలో పదిమంది ముందు చెబితే రాసుకుని విచారణ చేస్తారనీ చాటింపు వేయించారు. ఒక స్కూలు ఆవరణలో సాయంత్రం నాలుగింటికి సభ. నేను రెండింటికే వెళ్ళి హారన్లు కడుతున్నాను.

అప్పుడు వచ్చింది సువార్తమ్మ. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. వెంట నలుగురు ఆడవాళ్ళు. కొల్లూరు దాటాక కరకట్ట పక్కన ఉన్న ఒక పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చామన్నారు. కృష్ణ లంకల్లో అరటితోటల్లో కూలి పని. కాసేపు మైకు స్టాండు చుట్టూ తిరిగి, ఆఖరికి నన్నే అడిగింది.

"అన్నయ్యా, దీన్లో ఎట్టా మాట్లాడాలండి?"

"ఎట్లా మాట్లాడినా పర్లేదక్కా. నోటికీ దీనికీ మధ్య నాలుగు వేళ్ళ దూరం ఉండాలి, అంతే. మరీ దగ్గరికెళ్తే బుస్సుమంటది. దూరమైతే అందదు. స్టాండు పట్టుకోవద్దు."

ఆమె నాలుగు వేళ్ళు కలిపి మూతి ముందు పెట్టుకుని కొలుచుకుంది. తర్వాత మిగతా నలుగురి చేతా కొలిపించింది. నాకు నవ్వొచ్చింది.

"దేని గురించి చెప్తారక్కా?"

"మా పల్లెలో కొట్టు గురించండి. మా పాప కరుణ తొమ్మిదో తరగతికొచ్చింది. ఆ కొట్టు ముందునుంచే బడికి పోవాలి. రోజూ ఏదో ఒక గొడవ. మొన్న ఒకడు జడ పట్టుకు లాగాడు. వాళ్ళ నాన్న ఇంక బడీ వద్దు ఏమీ వద్దు అంటన్నాడు. ఈ కొత్త పాటలోనన్నా కొట్టు అవతలికి జరిపిస్తే పిల్ల చదువుకుంటది. ఆఫీసరుగారు రాసుకుంటారంట కదండీ?"

"రాసుకుంటారక్కా. మీరు ధైర్యంగా చెప్పండి. మీ మాట రేపల్లె స్టేషను దాకా వినిపించే పూచీ నాది."

ఈ మాట నేనే అన్నాను. నన్నెవరూ అనమనలేదు.

సభ మొదలైంది. నాలుగైదు వందల మంది వచ్చారు. వేదిక మీద అధ్యక్షులవారు, ఆఫీసరుగారు, ఇంకో ఏడుగురు. నేను అలవాటు ప్రకారం వేదిక పక్కన తెర వెనక, యాంప్లిఫయర్ ముందు కూర్చున్నాను. అధ్యక్షులవారి భుజాలు నాకు కనిపిస్తాయి, నేను జనానికి కనిపించను. మైకువాడు కనిపించకూడదన్నది కూడా మామ నేర్పిందే. అయిదారుగురు మాట్లాడాక చీటీ చూసి సువార్తమ్మను పిలిచారు.

ఆమె వచ్చి మైకు ముందు నాలుగు వేళ్ళు పెట్టి కొలుచుకుంది. జనంలో కొందరు నవ్వారు. ఆమె పట్టించుకోలేదు. తోటలో ఈ చివర నుంచి ఆ చివరకు కేకేసి మాట్లాడే గొంతు. నేను మర ముట్టుకునే పని కూడా లేకుండా ఖంగుమంది.

"అందరికీ వందనాలండి. మా పల్లెలో అరవై గడపలకి ఒకటే బోరింగు. ఆ బోరింగుకి పది అడుగుల్లో సారాకొట్టు. నీళ్ళకి పోవాలన్నా అదే దారి, బడికి పోవాలన్నా అదే దారి. పొద్దున ఎనిమిదింటికే మొగోళ్ళు అక్కడ పడుంటారండి. ఆడపిల్లల్ని ఏమేం మాటలంటారో ఈ మైకులో చెప్పలేను. మా పల్లెలో ఆడపిల్ల తొమ్మిదో తరగతికి రావడం మా పాపతోనే మొదలు. కొట్టు అక్కడే ఉంటే అది చదవదు. మీరంతా ఉండాలా పోవాలా అని మాట్లాడతన్నారు. నేనంత పెద్ద మాట అడగట్లేదండి. అవతలికి జరపమంటన్నాను, అంతే."

ఆ సాయంత్రం మొత్తం మీద జనం నిజంగా విన్నది అప్పుడే.

"రెండు అర్జీలు పెట్టాం. పలకలేదు. ఎందుకు పలకలేదో నాకు తెలుసండి. కొట్టు పేరుకే ఎవరిదో. దాని వెనకున్న పెద్దమనిషి ఎవరో మా పల్లెలో చిన్నపిల్లలు కూడా చెప్తారు. ఆయన ఇయ్యాళ ఇక్కడే, ఈ సభలోనే..."

కండువా ఎడమ భుజం మీదనుంచి కుడి భుజం మీదికి మారింది.

ఇక్కడ నేను ఆలోచించాననీ, భయపడ్డాననీ, తప్పక చేశాననీ రాస్తే అబద్ధం. ఏ ఆలోచనా లేదు. కండువా కదలగానే నా చెయ్యి కదిలింది, అంతే. పన్నెండేళ్ళ అలవాటు. వాల్యూం దిగింది, ట్రెబుల్ పోయింది, బేస్ లేచింది. ఆమె నోరు కదులుతోంది, జనానికి గొణుగుడు తప్ప ఏమీ అందడం లేదు. వెనకనుంచి "వినపడట్లేదమ్మా!" అని అరుపులు. ఆమె కంగారుపడి మళ్ళీ నాలుగు వేళ్ళు పెట్టి కొలుచుకుంది. కొంచెం ముందుకు జరిగింది, కొంచెం వెనక్కి జరిగింది. స్టాండు పట్టుకోబోయి, నేను చెప్పింది గుర్తొచ్చి చెయ్యి తీసేసింది. ఆ తీసెయ్యడం నేను తెర సందులోంచి చూశాను. అప్పుడైనా మర తిప్పొచ్చు. తిప్పలేదు.

అధ్యక్షులవారు లేచి మైకు దగ్గరికి వచ్చారు. కండువా ఎడమ భుజం మీదికి తిరిగొచ్చింది. నేను వాల్యూం పెంచాను. గంట కొట్టినట్టు పలికింది ఆయన గొంతు.

"సోదర సోదరీమణులారా, మన్నించాలి. మైకు మొరాయించింది. మా మస్తాను మైకుకి ఆడవాళ్ళంటే సిగ్గు!"

జనం గొల్లుమన్నారు. ఆమెకు మొరాయించిన మైకు ఈయనకు ఎట్లా పలికిందని అంతమందిలో ఒక్కడికీ అనుమానం రాలేదు. ఆయన ఆఫీసరుగారి వైపు తిరిగి, "ఏమండీ, ఫిర్యాదు రాసుకున్నారా?" అన్నారు.

"ఏం చెప్పిందో వినపడలేదండి. వినపడనిది ఎట్లా రాసుకుంటాం? ఆఫీసుకొచ్చి అర్జీ ఇవ్వమనండి" అన్నాడాయన.

ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఆఫీసరు ఆమెకు మూరెడు దూరంలో కూర్చున్నాడు. వేదిక మీదున్న తొమ్మిదిమందిలో ఎవరికీ మైకు అక్కర్లేదు. ప్రతి మాటా వాళ్ళ చెవుల్లో పడింది. పేదవాడి అజ్ఞానం గురించి బాధపడ్డ లెక్చరరుగారు కూడా అక్కడే ఉన్నాడు, గోళ్ళు చూసుకుంటున్నాడు. 'ఎవరైనా రావచ్చు, ఏదైనా మాట్లాడవచ్చు' అన్న గుడ్డ బ్యానరు వాళ్ళ తలల మీదే ఊగుతోంది. మా మీదికి తిరగని మాట ఏదైనా మాట్లాడవచ్చని రాసుంటే నిజాయితీగా ఉండేది. వాళ్ళకు చర్చ కావాలి, చర్చ జరిపారన్న పేరు కావాలి, సంగతి మాత్రం అక్కర్లేదు. వాళ్ళనని ఏం లాభం, ఆ పని చేసిన చెయ్యి నాది.

సభ అయ్యాక వైర్లు చుడుతుంటే సువార్తమ్మ వచ్చింది. తిట్టడానికి వచ్చిందేమోనని తల ఎత్తలేదు నేను.

"అన్నయ్యా, నాలుగు వేళ్ళ దూరమే పెట్టానండి. మధ్యలో కంగారులో దగ్గరికెళ్ళినట్టున్నాను. మీ మైకుకేమన్నా అయ్యిందా? నా మూలంగా పాపం మీకు మాటొచ్చింది అందరి ముందూ."

"అబ్బే, అదేం లేదక్కా. వైరు లూజైంది."

"నాకు చేతకాదని ముందే అనుకున్నానండి. ఇంకెవరన్నా చదువుకున్నోళ్ళ చేత చెప్పించాల్సింది."

నా మైకుకు ఏమైందో కనుక్కుని, నాకు క్షమాపణ చెప్పి, బస్సు వేళవుతోందని వెళ్ళిపోయింది. చెంపమీద కొట్టినా నాకు అంత దెబ్బ తగిలేది కాదు.

మర్నాడు మామ దగ్గరికి వెళ్ళాను. అప్పటికి ఆయన పని మానేసి ఇంటి పట్టునే ఉంటున్నాడు. జరిగింది చెప్పాను. ఆయన తాపీగా వక్క నములుతూ, "సైగ చేశాడు, దించావు. నీదేం తప్పురా? మైకు పెట్టించింది ఆయన" అన్నాడు.

"పెట్టించింది ఆయనే మామా. కానీ మాట్లాడేది ఆమె కదా."

"చెవులుండాలి, అభిప్రాయాలు..."

"చెవులున్నాయి కాబట్టే నిద్రపట్టలేదు" అని లేచి వచ్చేశాను. నాకు అన్నం పెట్టిన విద్య నేర్పిన మనిషి మీద అంత గొంతెత్తడం అదే మొదలు.

పది రోజులకు పాటలయ్యాయి. ఆ పల్లెలో కొట్టు అదే చోట ఇంకో ఏడాదికి ఖాయమైంది. ఆ కబురు ఒక టీ కొట్టులో విన్నాను. అధ్యక్షులవారి మనిషే పాడుకున్నాడని చెప్పుకుని జనం నవ్వుకుంటున్నారు. అందరికీ తెలిసిన సంగతే అన్నమాట. మైకులో మాత్రం చెప్పకూడదు.

ఇంక ఉండబట్టక కొల్లూరు బస్సెక్కాను. కరకట్ట దిగి పల్లెలోకి వెళ్తుంటే ముందు కొట్టు కనిపించింది, దాని పక్కనే బోరింగు. పదడుగులు కూడా లేదు. సువార్తమ్మ ఇంటి ముందు ఒక పిల్ల కూర్చుని అరిటాకులు కట్టలు కడుతోంది. బడి వేళ.

"కరుణవా అమ్మా? బడికి పోలేదా?"

"మానేశానండి" అంది తల ఎత్తకుండా. చేతులు ఆగలేదు.

సువార్తమ్మ లోపలినుంచి వచ్చి, నన్ను గుర్తుపట్టి మంచం వాల్చింది. కూర్చోలేదు నేను. కండువా సంగతి, మరల సంగతి, నా చెయ్యి సంగతి నిలబడే చెప్పేశాను. ఆమె మొహంలో ముందు అర్థం కానట్టు ఉంది. అర్థమయ్యాక మెల్లగా ఎరుపెక్కింది.

"అయితే మైకు పాడవలా?"

"లేదక్కా."

"నేను దూరం సరిగ్గానే పెట్టానా?"

"సరిగ్గానే పెట్టారక్కా."

ఆమె మళ్ళీ నోరు తెరిచేసరికి నేను మీరు నుంచి నువ్వులోకి దిగిపోయాను.

"ఇన్నాళ్ళనుంచీ నా తప్పేననుకుంటన్నాను. దగ్గరికెళ్ళానా, దూరమెళ్ళానా అని తిండి తింటా కూడా వేళ్ళు కొలుచుకుంటన్నాను. మా ఆడోళ్ళకి కూడా చెప్పాను, మైకులు మనకి చేతకావు, ఇంకెప్పుడూ ఎక్కొద్దని. నువ్వేమో తెర ఎనక కూచుని నా పీక నొక్కి, వైరు లూజంటావా?"

"తప్పయిపోయిందక్కా. అందుకే వచ్చి చెప్తన్నాను."

"ఇక్కడికొచ్చి నా చెవిలో చెప్తే ఎట్టా? నా పీక నా ఇంట్లో నొక్కలేదుగా నువ్వు. అంతమంది ముందు నొక్కావు. పో, అక్కడ చెప్పు."

"అక్కడ చెప్తే నాకింక సభలు రావక్కా. నా పని పోద్ది."

ఆమె కూతురి వైపు చెయ్యి చూపించింది. "మరి దీని చదువు పోలా?"

మంచినీళ్ళు కూడా అడగకుండా బస్సెక్కాను. కరకట్ట మీద నడుస్తున్నంతసేపూ ఆమె మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. తప్పు ఒప్పుకోవడానికి ఇంతదూరం వచ్చానే, కాస్త మెత్తగా మాట్లాడకూడదా అని. కోపం నిలవలేదు. క్షమించేస్తే నేను హాయిగా ఇంటికెళ్ళి పడుకునేవాణ్ణి, అందుకే వెళ్ళానేమో కూడా. ఆమె అది సాగనివ్వలేదు.

బాపట్ల సభ ఒక కల్యాణ మండపంలో. మూడు చర్చల్లో ఆఖరిది కాబట్టి ఘనంగా చేశారు. హాలు నిండింది. గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని అయిదుగురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. సువార్తమ్మ నా వైపు చూడలేదు.

సభ మొదలయ్యే ముందు మైకువాడు ఒకసారి వేదిక ఎక్కి మైకు సరిచూస్తాడు. 'హలో, మైక్ టెస్టింగ్, ఒకటి, రెండు, మూడు.' లక్షలమందికి వినిపించిన గొంతే అయినా మైకువాడి ఉపన్యాసం మొత్తం అంతే. పన్నెండేళ్ళలో నేను నాలుగు అనలేదు. అధ్యక్షులవారూ మిగతా పెద్దలూ అప్పటికే కుర్చీల్లో సర్దుకున్నారు. నేను మైకు ముందు నిలబడి ఒకటి, రెండు, మూడు అన్నాను.

"అయ్యలారా, అమ్మలారా. నేను మైకు మస్తాన్ని. రేపల్లె సభలో మైకు పాడవలేదండి. కొల్లూరు పక్కనుంచి వచ్చినామె సారాకొట్టు గురించి చెప్తుంటే నేనే తగ్గించాను. తగ్గించమని నాకు సైగ వచ్చింది."

వెనక కుర్చీ కదిలిన చప్పుడైంది. తిరిగి చూశాను. అధ్యక్షులవారి మొహం కందిపోయింది. ఆయన చెయ్యి దానంతటదే లేచి కండువాను ఎడమ భుజం మీదనుంచి తీసి కుడి భుజం మీద వేసింది. గొంతు దించాల్సినవాడే మైకు ముందు నిలబడ్డాడన్న సంగతి ఆయన అలవాటుకు తోచలేదు పాపం. నా చేతికి ఉన్న రోగమే ఆయన చేతికీ ఉంది.

"అదిగోనండీ, అదే సైగ. కండువా కుడి భుజం మీదికొస్తే గొంతు దించాలి. రేపల్లెలో కూడా అట్లాగే వచ్చింది. ఆమె ఎవరి పేరు చెప్పబోయిందో నేను చెప్పను. ఆపించింది ఎవరో మాత్రం మీరే చూశారు."

ముందు వరసలో ఎవరో ముసలాయన పక్కుమని నవ్వాడు. ఆ నవ్వు హాలంతా పాకి, నవ్వు కాస్తా అరుపులైంది. అధ్యక్షులవారు కండువాను ఏ భుజం మీద పెట్టుకోవాలో తెలియక మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. ప్లీడరుగారు "దించండయ్యా వాణ్ణి!" అని లేచారు. "దించడం అయిపోయింది, ఇక ఎక్కించండి ఆమెని" అని జనంలోంచి కేక వచ్చింది.

సువార్తమ్మ జనం మధ్యలోంచి నడిచి వేదిక ఎక్కింది. నన్ను దాటుకుంటూ వెళ్ళి మైకు ముందు నిలబడి, నాలుగు వేళ్ళు పెట్టి కొలుచుకుంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను యాంప్లిఫయర్ దగ్గరికి వెళ్ళకుండా అందరికీ కనిపించేలా వేదిక అంచున చేతులు కట్టుకుని నిలబడ్డాను. బోరింగు దగ్గర మొదలుపెట్టి మొత్తం చెప్పింది. రేపల్లెలో ఎక్కడ ఆగిపోయిందో అక్కడ ఒక్క గుక్క ఊపిరి పీల్చుకుని, ఒళ్ళో కండువా పెట్టుకున్న మనిషి వైపు తిరిగి పేరు పెట్టి చెప్పింది. చివర్న ఒక్కమాట అదనంగా అంది. "నా బిడ్డ బడి మానేసిందండి. ఇది కూడా రాసుకోండి ఎవరన్నా."

రాసుకోవడానికి ఆఫీసరు రాలేదు. మర్నాడు ఒక పేపర్లో నాలుగు వాక్యాలు వచ్చాయి, ఎవరి పేరూ లేకుండా. కొట్టు జరగలేదు. పాట అయిపోయింది కాబట్టి ఏడాది దాకా ఏమీ చేయలేమన్నారు. నాకు ఆరేడు నెలలు పెద్ద సభలు ఒక్కటీ రాలేదు. పెళ్ళిళ్ళు, ఆరాధనలు, చిన్న చిన్న పందిళ్ళు నన్ను ఆదుకున్నాయి. మరుసటి ఏడాది రాష్ట్రమంతటా సారాకొట్లే మూతపడ్డాయి. అధ్యక్షులవారు ఆ విజయాన్ని పురస్కరించుకుని ఒక అభినందన సభ పెట్టారని విన్నాను. మైకు నాది కాదు.

కరుణ మాత్రం తిరిగి బడికి వెళ్ళలేదు. కొట్టు పోయేసరికి ఆ పిల్ల తోట పనిలో పడిపోయింది, తోటి పిల్లలు పదో తరగతిలోకి వెళ్ళిపోయారు. రాష్ట్రం మొత్తానికి ఉపయోగపడిన చట్టం ఆ ఒక్క పిల్లకు ఏడాది ఆలస్యంగా వచ్చింది. ఆ ఏడాది ఆలస్యం నా వేలి కింద మర ఒక్క చుట్టు తిరిగినంత. ఈ లెక్క నన్నెవరూ అడగలేదు, నేనే వేసుకుంటూ ఉంటాను.

ఇప్పుడు టీవీల్లో రోజూ చర్చలు వస్తాయి. ఎవరు ఎంత గట్టిగా అరుస్తున్నారని ఇంట్లోవాళ్ళు చూస్తారు. నేను ఎవరి గొంతు దిగుతోందో వింటాను. ఎవరి మాట మధ్యలో సాంకేతిక లోపం వచ్చిందో చూస్తాను. మైకు పాడవదని కాదు, పాడవుతుంది. కానీ మాట్లాడుతున్నది ఎవరో చూసి పాడయ్యే మైకును నా జన్మలో నేను చూడలేదు. అట్లా పాడైందంటే ఎక్కడో తెర వెనక నాలాంటివాడు ఒకడు కూర్చుని ఉన్నాడని అర్థం.

బాపట్ల సభ తర్వాత నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. యాంప్లిఫయర్‌ను తెర వెనక పెట్టడం మానేశాను. వేదిక ముందు బల్ల వేసి, మరలు జనం వైపు తిప్పి పెట్టి, నేను పక్కన కూర్చునేవాణ్ణి. చూడ్డానికి బాగుండదని చాలామంది పెద్దమనుషులు గొణిగారు. ఇష్టముంటే పిలవండి, లేకపోతే లేదన్నాను. మామ పోయేదాకా ఈ పద్ధతి ఆయనకు నచ్చలేదు.

నాలుగేళ్ళ తర్వాత కొల్లూరులో లంక కూలీల సభ ఒకటి జరిగింది. మాట్లాడేవాళ్ళ వరసలో సువార్తమ్మ ఉంది. జుట్టు కొంచెం నెరిసింది. వేదిక ఎక్కబోతూ నా బల్ల ముందు ఆగింది. బాగున్నావా అంటుందేమోనని నేను లేచి నిలబడ్డాను.

"ముందు నీ చేతులు చూపించు" అంది.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు. నేను రెండు చేతులూ బల్ల మీద, అందరికీ కనిపించేలా పెట్టాను. ఆమె వాటిని ఒకసారి చూసి, వెళ్ళి మైకు ముందు నిలబడింది.